పాత మ్యూజిక్ ఛానెల్ చరిత్ర మనమే రాసుకోవడం ఎలా: ముందు పాటల మధ్యలో వచ్చినవి దాచండి

ఎంటీవీ, ఛానెల్ వీ, ఎస్ఎస్ మ్యూజిక్ లాంటి వాటి గురించి రాద్దామని కూర్చుంటే ఎవరైనా ముందు చేసేది అందులో ఏ పాటలు వచ్చేవో లిస్టు రాయడం. కానీ పాటలు ఎక్కడికీ పోలేదండీ, అవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి, కంపెనీలే నీట్‌గా రీమాస్టర్ చేసి మరీ పెట్టాయి. పోయిందల్లా పాటకీ పాటకీ మధ్యలో వచ్చిన సరుకు. వీజే (పాటల మధ్య వచ్చి మాట్లాడే యాంకర్) చెప్పే నాలుగు ముక్కలు, ఛానెల్ లోగో తిరుగుతూ వచ్చే పది సెకన్ల ముక్క, పిచ్చి పిచ్చి ప్రోమోలు, ఫోన్ చేసిన వాళ్ళ గొంతులు, కింద స్క్రోలింగ్‌లో పరిగెత్తే మెసేజ్‌లు, ఇవన్నీ. ఛానెల్ అంటే నిజానికి అదే, ఎందుకంటే అదే పాట పక్క ఛానెల్లో కూడా వస్తుంది కానీ ఆ మధ్యలో సరుకు మాత్రం ఆ ఛానెల్లోనే వస్తుంది. అందుకే ఈ పని మొదలుపెట్టే వాళ్ళకి నేను మొదటి నుంచీ ఒకటే చెప్తాను, పాటలు వదిలేయండి, మధ్యలోవి పట్టుకోండి.

నమ్మకం కుదరకపోతే క్విక్ గన్ మురుగన్ సంగతి చూడండి. 90ల మధ్యలో ఛానెల్ వీలో పాటల మధ్య వచ్చిన ప్రోమో క్యారెక్టర్ అది, మన దక్షిణాది కౌబాయ్, మైండ్ ఇట్ అంటాడు. శశాంక ఘోష్, రాజేష్ దేవరాజ్ వాళ్ళ చేతిలో పుట్టింది. అదే క్యారెక్టర్‌తో 2009లో ఫుల్ లెంగ్త్ సినిమా వస్తే హీరో ఎవరో తెలుసు కదా, మన రాజేంద్రప్రసాద్ గారు. రంభ కూడా ఉంది అందులో. ఒక ఫిల్లర్ ముక్క పదేళ్ళు దాటినా జనం బుర్రల్లోంచి పోకుండా సినిమా దాకా వెళ్ళిందంటే, ఆ ఛానెల్ గురించి రాసేటప్పుడు ఆ ముక్క వదిలేసి టాప్ టెన్ పాటలు రాస్తే ఏం రాసినట్టు?

సరే, పనిలోకి వెళ్దాం. అన్నిటికంటే ముందు ఎముకల గూడు కావాలి, అంటే ఛానెల్ ఎప్పుడు పుట్టింది, ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు చేతులు మారింది, ఎప్పుడు ఆగింది. ఇక్కడే చాలామంది గందరగోళంలో పడతారు, ఎందుకంటే ఒకే పేరు మీద చాలా ఫీడ్‌లు, అంటే ఒక్కో ప్రాంతానికి విడివిడి ప్రసారాలు ఉంటాయి. ఎంటీవీనే తీసుకోండి. అమెరికాలో 1981 ఆగస్ట్ 1న అర్ధరాత్రి దాటిన ఒక్క నిమిషానికి మొదలైంది, అప్పట్లో ఓనర్ వార్నర్-ఆమెక్స్, 1985లో వయాకామ్ కొనుక్కుంది. యూరప్ ఫీడ్ 1987 ఆగస్ట్ 1న వచ్చింది. మన వైపుకి 1991లో హాంకాంగ్ నుంచి నడిచే స్టార్ టీవీ ఛానెళ్ళ గుంపులో ఎంటీవీ ఆసియాగా దిగింది. 1994లో స్టార్‌తో తెగిపోయింది, అప్పుడు స్టార్ వాళ్ళు ఆ ఖాళీలో సొంతంగా ఛానెల్ వీ పెట్టుకున్నారు, ఎంటీవీ మళ్ళీ 1996లో ఎంటీవీ ఇండియాగా విడిగా వచ్చింది. ఇది ముందే రాసి గోడకి అంటించుకోకపోతే తర్వాత ఎవరితో మాట్లాడినా తికమక తప్పదు. ఒక అన్నయ్య నేను ఇంటర్‌లో ఉండగా 92లోనే ఎంటీవీ చూశాను అంటాడు, మీ దగ్గర కాగితంలో 1996 అని ఉంటుంది, ఆయన మర్చిపోయాడు అనుకుంటారు, కానీ ఇద్దరూ కరెక్టే, ఆయన చూసింది ఆసియా ఫీడ్. అలాగే తెలిసిన పాప్ వీడియోల మధ్యలో ఉన్నట్టుండి హిందీ పాటలు మొదలయ్యాయి అని ఎవరైనా అంటే అది దాదాపు ఆ 1994 తర్వాత మార్పు గురించే చెప్తున్నారన్నమాట.

ఓనర్‌షిప్ వరుస బోరింగ్‌గా ఉంటుంది కానీ దయచేసి వదలొద్దు, ఛానెల్ స్వభావం మారిన ప్రతిసారీ వెనకాల ఇదే ఉంటుంది. మన దగ్గరే చూడండి, 2015లో మా టీవీ ఛానెళ్ళని స్టార్ తీసుకుంది, తర్వాత మా మ్యూజిక్ కాస్తా స్టార్ మా మ్యూజిక్ అయింది. ఎంటీవీ ఇండియా 2007లో వయాకామ్18 కిందకి వచ్చింది, 2024 నవంబర్లో ఆ వయాకామ్18, స్టార్ రెండూ కలిసి జియోస్టార్ అయ్యాయి, అంటే 1994లో విడిపోయిన ఇల్లు ముప్పై ఏళ్ళకి ఒకటే గొడుగు కిందకి వచ్చింది, ఈలోపు ఛానెల్ వీ ఇండియా 2018లోనే మూతపడింది. నాకైతే ఇది తలచుకున్నప్పుడల్లా కడుపులో ఏదోలా ఉంటుంది, పోటీగా పుట్టిన తమ్ముడు రాజీ జరిగే రోజుకి లేకుండా పోయాడు.

గూడు అయ్యాక అసలు సరుకు వేట. ఇళ్ళల్లో ఉన్న వీహెచ్ఎస్ క్యాసెట్లే మొదటి గని. అయితే ఏ క్యాసెట్ అడగాలో తెలియాలి. మ్యూజిక్ ఛానెల్ పాటలు అని లేబుల్ రాసి ఉన్న క్యాసెట్ మనకి పెద్దగా పనికిరాదు, ఎందుకంటే రికార్డ్ చేసిన వాళ్ళు పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చుని పాట అవ్వగానే నొక్కేసేవాళ్ళు, ప్రోమోలు పడకుండా. కాకపోతే అందులో కూడా వేలు ఆలస్యమైన చోట రెండు మూడు సెకన్లు మిగులుతాయి, లోగో సగం తిరిగి ఆగిపోయినట్టు, వీజే నోరు తెరిచి సో అనగానే కట్ అయినట్టు, అవి కూడా ఏరుకోండి. అసలు బంగారం ఏంటంటే పెళ్ళి క్యాసెట్ చివర, క్రికెట్ మ్యాచ్ క్యాసెట్ చివర, సినిమా అయిపోయాక మిగిలిన ఇరవై నిమిషాల్లో ఉంటుంది. రికార్డింగ్ పెట్టి నిద్రపోయిన వాళ్ళ పుణ్యమా అని యాడ్స్‌తో సహా, ఏ కట్టూ లేకుండా దొరికేది అక్కడే. కాబట్టి చుట్టాలని అడిగేటప్పుడు ఎంటీవీ క్యాసెట్లు ఉన్నాయా అత్తా అని అడక్కండి, లేవమ్మా అనేస్తారు. అటక మీద క్యాసెట్లు ఏవున్నా సరే ఒకసారి ఇస్తారా, కాపీ చేసి మీ పెళ్ళి వీడియో కూడా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తాను అనండి. మొత్తం సంచీ వస్తుంది.

క్యాసెట్ చేతికి రాగానే వీసీఆర్‌లో తోసేయొద్దు, ఈ ఒక్క మాట మాత్రం కచ్చితంగా పాటించండి. ముందు వెలుతురులో పెట్టి పైన ఉన్న రెండు ప్లాస్టిక్ కిటికీల్లోంచి టేపు చుట్ట చూడండి. నల్లగా నున్నగా మెరుస్తూ ఉండాలి. తెల్లటి పొడి లాగానో, చుట్ట అంచుల మీద బూజు మచ్చల్లానో కనిపిస్తే అది ఫంగస్, కోస్తా ఊళ్ళల్లో ఉక్కపోతకి చాలా క్యాసెట్లకి ఇది పడుతుంది. అది వేస్తే వీసీఆర్ హెడ్ మీదకి అంటుకుని తర్వాత వేసిన ప్రతి క్యాసెట్‌కీ ఎక్కుతుంది. అలాంటిది విడిగా కవర్లో కట్టి పక్కన పెట్టి, క్లీన్ చేయడం తెలిసిన వాళ్ళకే ఇవ్వండి. బాగున్న క్యాసెట్‌కి వెన్ను వైపు చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని విరిచేయండి, అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరిగిపోదు. ఏళ్ళ తరబడి కదలని క్యాసెట్ అయితే ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ కొట్టి మళ్ళీ మొదటికి తిప్పి అప్పుడు ప్లే చేయండి, చుట్ట బిగువు సమానం అవుతుంది.

కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఆన్‌లైన్‌లో దొరికే మామూలు యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ చాలు మొదట్లో. వీసీఆర్ వెనకాల పసుపు పిన్ను వీడియో, తెలుపు ఎరుపు ఆడియో. మన దేశం టేపులు పాల్ అనే టీవీ సిగ్నల్ పద్ధతిలో ఉంటాయి, కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో పాల్ పెట్టి, 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు అని సెట్ చేయండి. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) అని ఉంచేస్తే బొమ్మ నలుపు తెలుపులోనో, దొర్లుతూనో వస్తుంది. అమెరికా చుట్టాలు పంపిన క్యాసెట్లు మాత్రం ఎన్‌టీఎస్‌సీ, వాటికి రెండూ ఆడే వీసీఆర్ కావాలి. వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, అందులో హఫ్‌వైయూవీ లాంటి లాస్‌లెస్ కోడెక్ (బొమ్మ నాణ్యత ఏమాత్రం తగ్గించకుండా ఫైలు చేసేది) పెట్టి ఎక్కించండి. ఫైలు భారీగా వస్తుంది, డీవీ ఫార్మాట్‌లో చేసినా గంటకి 13 జీబీ దాకా తింటుంది, లాస్‌లెస్ అంటే దానికి డబుల్ పైనే అనుకోండి. హార్డ్ డిస్క్ చౌకైపోయింది కాబట్టి ఇక్కడ పీనాసితనం వద్దు. గీతలు గీతలుగా కనిపిస్తుందని ఒరిజినల్‌నే డీఇంటర్లేస్ (ఆ గీతలు పోయేలా ఫ్రేములు కలిపేయడం) చేసేయకండి, ఒరిజినల్ అలాగే ఉంచి చూపించే కాపీకి మాత్రం చేయండి.

ఇప్పుడు మన పనికి ప్రత్యేకంగా కావాల్సిన కిటుకు. చాలా వీసీఆర్లకి సిగ్నల్ కొంచెం చెదిరితే చాలు స్క్రీన్ మొత్తం నీలం రంగు వేసేసే అలవాటు ఉంటుంది. పాట కట్ అయ్యి ఇంకోటి మొదలయ్యే చోట, అంటే సరిగ్గా మనకి కావాల్సిన ఆ రెండు సెకన్లలోనే సిగ్నల్ చెదురుతుంది, నీలం తెర పడి ఆ ముక్క కాస్తా మింగేస్తుంది. మెనూలో బ్లూ బ్యాక్ అని ఉంటే ఆఫ్ చేసేయండి. కొన్ని చీప్ క్యాప్చర్ స్టిక్కులు కూడా ఇదే పని చేస్తాయి, నల్ల తెర చూపిస్తాయి. అలాంటప్పుడు మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ (చెదిరిన సిగ్నల్‌ని సరిచేసే పెట్టె) కానీ, ఆ పని చేసే పాత డీవీడీ రికార్డర్ కానీ ఒకటి తగిలిస్తే బొమ్మ నిలబడుతుంది.

ఎక్కించడం అయ్యాక కూర్చుని లాగ్ రాయాలి. విసుగే, కానీ చరిత్ర అంతా ఈ లాగ్‌లోనే ఉంటుంది. ఎక్సెల్ షీట్‌లో టైమ్, ఏం వచ్చింది, తెర మీద ఏం రాసి ఉంది, ఎవరు మాట్లాడారు, ఏం యాడ్. ఇంత చాలు. పాట దగ్గర ఒక్క లైన్ రాసి దాటేయండి, మధ్యలో వచ్చిన వాటికి మాత్రం వీజే వేసుకున్న చొక్కా, వెనకాల సెట్టు, హిందీనా ఇంగ్లీషా తెలుగు ముక్కలు కలిపారా, లోగో ఏ మూల ఉంది అన్నీ రాయండి. పాట మొదట్లోనూ చివర్లోనూ కింద ఎడమ పక్క వచ్చే పేర్లు కూడా చూడండి, పాట, పాడినవాళ్ళు, ఆల్బమ్, కంపెనీ. అమెరికా ఎంటీవీలో డైరెక్టర్ పేరు మొదటి నుంచీ లేదు, 1992 ప్రాంతంలో చేర్చారు, అంటే వీడియో తీసినవాడికి పేరు రావడానికే పదేళ్ళు పట్టింది. ఇలాంటివి లాగ్ రాస్తేనే కళ్ళకి ఆనుతాయి.

క్యాసెట్ మీద తేదీ ఉండదు, ఉన్నా నమ్మకూడదు, ఒకదాని మీద ఒకటి రికార్డ్ చేసుకునే రోజులవి. తేదీ పట్టుకోవడానికి రెండు హద్దులు వేసుకోవాలి. ఆ ముక్కలో కనపడిన వాటిల్లో అన్నిటికంటే కొత్తది ఏంటో చూడండి, అంతకంటే ముందు అయ్యే ఛాన్స్ లేదు. ఉదాహరణకి ఛానెల్ వీ ముక్క ఒకటి దొరికింది, అందులో అలీషా చినాయ్ మేడ్ ఇన్ ఇండియా వచ్చింది అనుకోండి, అది 1995 కాబట్టి కింద హద్దు దొరికింది. తర్వాత బ్రేక్‌లో దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే త్వరలో అని ట్రైలర్ వస్తే, ఆ సినిమా రిలీజ్ 1995 అక్టోబర్ 20, సో పై హద్దు కూడా దొరికేసింది, కొన్ని నెలల్లోకి కుదించేశాం. సినిమా యాడ్స్, క్రికెట్ సిరీస్ యాడ్స్, పండగ ఆఫర్లు, ఇవే మన క్యాలెండర్. దసరా ధమాకా అని చీరల షాపు లోకల్ యాడ్ కేబుల్ వాళ్ళు కింద వేసి ఉంటే అది ఏ ఊళ్ళో రికార్డ్ అయ్యిందో కూడా తెలిసిపోద్ది. పాటనిబట్టి మాత్రమే తేదీ వేసేవాళ్ళున్నారు, అది సరిపోదు, పాట ఐదేళ్ళ తర్వాత కూడా వేస్తారు.

ఈ పద్ధతికి మంచి ఉదాహరణ ఎంటీవీ తొలి గంటలే. అవి ఎవరెవరో రికార్డ్ చేసుకున్న టేపుల నుంచి నెట్‌లోకి వచ్చాయి. మొదటి పాట బగుల్స్ వాళ్ళ వీడియో కిల్డ్ ద రేడియో స్టార్ అని క్విజ్ ప్రశ్నగా అందరికీ తెలుసు. కానీ ఆ టేపు చూడండి, పాటకి ముందు స్పేస్ షటిల్ కొలంబియా లేవడం, అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీద పాతిన జెండా ప్లేస్‌లో ఎంటీవీ లోగో రంగులు మారుతూ ఉండటం కనిపిస్తుంది. అది నాసా ఫుటేజ్, కాపీరైట్ ఖర్చు లేదు. కొత్త ఛానెల్, చేతిలో డబ్బు తక్కువ, ఉన్నంతలో ప్రపంచంలోకెల్లా పెద్ద సంఘటనని తన బొమ్మ చేసేసుకుంది, ఆ ధైర్యం పాటలో కనపడదు. ఇంకోటి, 1983లో డేవిడ్ బౌవీ ఇంటర్వ్యూకి వచ్చి వీజే మార్క్ గుడ్‌మ్యాన్‌నే ఎదురు అడుగుతాడు, మీ ఛానెల్లో నల్లజాతి కళాకారులు ఇంత తక్కువ ఎందుకు కనిపిస్తారు అని. గుడ్‌మ్యాన్ సర్దిచెప్పడానికి పడే తిప్పలు చూస్తే ఆ రోజుల్లో ఆ ఛానెల్ ఏంటో మొత్తం అర్థమవుద్ది. మైకేల్ జాక్సన్ బిల్లీ జీన్ ఆ ఛానెల్లో వచ్చింది కూడా అదే 1983లో. బిల్లీ జీన్ వీడియో ఎక్కడైనా దొరుకుతుంది, బౌవీ అడిగిన ప్రశ్న మాత్రం టేపు దాచారు కాబట్టే ఉంది.

కంపెనీలే దాచుకుంటాయి కదా అని ఎవరైనా అంటే అస్సలు నమ్మొద్దు. 2024 జూన్‌లో ఎంటీవీ న్యూస్ వెబ్‌సైట్‌లో ఏళ్ళ తరబడి రాసిన ఆర్టికల్స్ అన్నీ ఒక్కసారిగా మాయం అయిపోయాయి, రాసినవాళ్ళకే తెలియలేదు. 2025 డిసెంబర్ 31న బ్రిటన్‌లో ఎంటీవీ మ్యూజిక్, ఎంటీవీ 80స్, 90స్, క్లబ్ ఎంటీవీ, ఎంటీవీ లైవ్ అన్నీ కలిపి ఆపేశారు. ఇంకోపక్క ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అని ఒకావిడ 70ల చివర నుంచి 2012లో చనిపోయేదాకా ఇంట్లో టీవీ వార్తలు రాత్రింబవళ్ళు రికార్డ్ చేసి 70 వేల టేపుల వరకు పోగేసింది, అవి ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ దగ్గర ఉన్నాయి. ఒక మనిషి ఒక ఇంట్లో కూర్చుని చేసిన పని అది.

వెబ్‌సైట్లకి వేబ్యాక్ మెషీన్ ఉంది, పాత వెబ్ పేజీల కాపీలు దాచే సైట్ అది. ఛానెల్ పాత సైట్ అడ్రస్ కొట్టి సంవత్సరం ఎంచుకుంటే షెడ్యూల్ పేజీలు, వీజేల ప్రొఫైల్స్ దొరుకుతాయి, ఫొటోలు విరిగిపోయినా అక్షరాలు ఉంటాయి, ప్రతి పేజీకి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇక అప్పటి పేపర్లలో టీవీ కార్యక్రమాల పట్టిక వచ్చేది గుర్తుందా, అది చాలా గట్టి ఆధారం. హైదరాబాద్ అయితే అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, కోస్తా వైపు అయితే పాత పత్రికలకి పేరున్న వేటపాలెం సారస్వత నికేతనం. వెళ్ళేముందు మీకు కావాల్సిన ఏడాది బైండు ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఏడాది మొత్తం తిరగేయక్కర్లేదు, మూడు నెలలకి ఒక శుక్రవారం చొప్పున ఫొటో తీసుకుంటే ప్రోగ్రామ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో తెలిసిపోతుంది.

మనుషులతో మాట్లాడే దగ్గర ఇంకొంచెం ఓపిక పట్టాలి. ఏం చూసేవాళ్ళండీ అని అడిగితే అందరూ ఒకే నాలుగు పేర్లు చెప్తారు. అలా కాకుండా మీ టీవీలో అది ఏ నంబర్లో వచ్చేది, రిమోట్ ఎవరి చేతిలో ఉండేది, నాన్న ఇంటికి రాగానే ఏ ఛానెల్‌కి మార్చేవాళ్ళు, దూరదర్శన్‌లో చిత్రలహరి పాటల కోసం వారం అంతా ఆగిన ఇంట్లోకి రోజంతా పాటలొచ్చే ఛానెల్ దిగితే అమ్మ ఏమంది అని అడగండి. అప్పుడు గొంతు మారుద్ది. అందరికంటే ముందు మీ వీధి కేబుల్ బాబాయ్‌ని పట్టుకోండి, ఆయనకి తెలిసినంత ఏ కంపెనీ ఫైల్లోనూ ఉండదు. పాత టీవీల్లో ట్యూన్ అయ్యే ఛానెళ్ళే తక్కువ, ఎవరిని ముందు పెట్టాలి ఎవరిని చివరికి తోయాలి అన్నది ఆయన చేతిలోనే ఉండేది, ఏ ఛానెల్‌ని ఎందుకు తీసేశాడో, ఎవరు వచ్చి గొడవ చేస్తే మళ్ళీ పెట్టాడో ఆయన్నే అడగాలి. చెన్నై నుంచి 2000ల మొదట్లో వచ్చిన ఎస్ఎస్ మ్యూజిక్ నాలుగు దక్షిణాది భాషలకీ కలిపి నడిచింది, దానికి ఫోన్ కలిపి పాట అడిగిన మన తెలుగు పిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు డల్లాస్‌లోనూ ఉన్నారు. వాళ్ళని అడిగి రికార్డ్ చేయండి, ముందు పర్మిషన్ తీసుకోండి.

బయట పెట్టేటప్పుడు చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టంలో ప్రసార సంస్థకి ఆ ప్రసారం మీద హక్కు, ప్రసారం జరిగిన మరుసటి ఏడాది మొదలు నుంచి 25 ఏళ్ళు. అది దాటింది కదా అని మొత్తం టేపు ఎక్కించేయొద్దు, లోపల ఉన్న పాటకి, వీడియోకి విడిగా 60 ఏళ్ళ హక్కు ఉంటుంది, ప్రోమోకి కూడా తీసిన వాళ్ళ హక్కు ఉంటుంది. పూర్తి ఫైలు మీ దగ్గర పరిశోధన కోసం ఉంచుకుని, బయటకి మాత్రం చిన్న ముక్క, దాని మీద మీ వివరణ పెట్టండి. పాటలు తీసేసిన ముక్కలకి యూట్యూబ్‌లో క్లెయిములు కూడా బాగా తగ్గుతాయి. 2000ల నాటి స్క్రోలింగ్‌లో మాత్రం జనం పేర్లు, ప్రేమ మెసేజ్‌లు, ఒక్కోసారి ఫోన్ నంబర్లు కూడా ఉంటాయి, అవి బ్లర్ చేయకుండా పెట్టొద్దు, ఆ అమ్మాయికి ఇప్పుడు సంసారం ఉంటుంది.

రాయడం మొదలుపెట్టాక ప్రతి విషయం పక్కన అది టేపులో చూసిందా, పేపర్లో ఉందా, ఎవరైనా చెప్పిందా అని ఒక గుర్తు పెట్టండి. మూడింట్లో టేపే గట్టిది. ఫైళ్ళు మూడు కాపీలు చేసి ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఉంచండి. రాసింది పూర్తయ్యాక వెంటనే పబ్లిష్ చేయకుండా అప్పటి వీజేలు, ఎడిటర్లు, ప్రోమో డైరెక్టర్లు దొరికితే వాళ్ళకి ఆ క్లిప్పుతో సహా పంపండి. చాలామంది దగ్గర వాళ్ళు చేసిన పని కాపీ వాళ్ళకే ఉండదు. మీరు ఒక ముక్క పంపితే వాళ్ళు అటక ఎక్కి ఇంకో డబ్బా దింపుతారు, అది రాగానే మళ్ళీ కిటికీల్లోంచి చుట్ట చూసి, పలక విరిచి, లాగ్ షీట్‌లో కొత్త వరస తెరవండి.